పశువు కడుపులోని మేలు చేసే బ్యాక్టీరియా: మేపులో, వైద్యంలో, పరిశ్రమలో ఉపయోగాలు

వరిగడ్డిని, చొప్పను అరిగించుకునే శక్తి ఆవుకు గానీ గేదెకు గానీ సొంతంగా లేదు. గడ్డిలోని పీచును విడగొట్టే ఎంజైము పశువు శరీరంలో తయారు కాదు. ఆ పని చేసేది పశువు పెద్ద పొట్టలో ఉండే కంటికి కనిపించని సూక్ష్మజీవులు. మనం గాడిలో వేసిన మేతను ముందుగా తినేది అవే. వాటి పని సాగినంత కాలం పశువు నెమరు వేస్తుంది, పాలిస్తుంది. అవి దెబ్బతిన్న రోజున ఎంత మంచి దాణా పెట్టినా ఉపయోగం ఉండదు. ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఒకటి రెండు గేదెల మీద బతికే కుటుంబానికి అది కోలుకోలేని నష్టం. అందుకే ఈ బ్యాక్టీరియా గురించి పాడి రైతు కొంతైనా తెలుసుకోవాలి.

పెద్ద పొట్టలో ఏం జరుగుతుంది?

నెమరు వేసే పశువుల కడుపులో నాలుగు గదులు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది మొదటి గది, రూమెన్. మన వాడుకలో పెద్ద పొట్ట. పెద్ద ఆవులో ఇది దాదాపు 100 లీటర్ల తొట్టి లాంటిది. లోపల వేడి ఎప్పుడూ 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఇందులోని ఒక్క మిల్లీలీటరు ద్రవంలో వెయ్యి కోట్లకు పైగా బ్యాక్టీరియా ఉంటాయి. వీటితో పాటు ప్రోటోజోవా, కొన్ని శిలీంధ్రాలు కూడా ఉంటాయి. వీటిలో చాలావరకు గాలి తగిలితే చనిపోయేవే. కాబట్టి వీటిని ప్రయోగశాలలో పెంచడం చాలాకాలం సాధ్యం కాలేదు. గాలి తగలకుండా పెంచే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ రూపొందించిన తరువాతే వీటి గురించి వివరంగా తెలిసింది.

ఫైబ్రోబాక్టర్, రూమినోకాకస్ వంటి బ్యాక్టీరియా గడ్డి ముక్కలకు అంటుకుని పీచును విడగొడతాయి. చివరకు ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలు తయారవుతాయి. ఇవి పొట్ట గోడల గుండా రక్తంలోకి వెళతాయి. పశువుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. పాలలో వెన్న తయారు కావడానికి ఎసిటిక్ ఆమ్లం ముఖ్యం. గడ్డి తగ్గించి దాణా పెంచిన ఇంట్లో పాల కేంద్రం దగ్గర వెన్న శాతం పడిపోవడానికి కారణం ఇదే.

ఇంకో లాభం కూడా ఉంది. పెరిగిన బ్యాక్టీరియా మేతతో పాటు ముందుకు జారి నాలుగో గదిలో, చిన్న పేగులో అవే అరిగిపోతాయి. పశువు పేగులకు చేరే మాంసకృత్తుల్లో సగం, అంతకు మించి కూడా ఈ బ్యాక్టీరియా శరీరాల నుంచి వచ్చినవే. అంటే మనం పశువును మేపుతున్నామనుకుంటాం గానీ, నిజానికి బ్యాక్టీరియాను మేపుతున్నాం, పశువు వాటిని తిని బతుకుతోంది.

మిగిలిన అన్నం పెడితే ఏమవుతుంది?

పెళ్లిళ్లలో, జాతరల్లో అన్నం మిగిలిపోతుంది. పారేయడం ఎందుకని గంపెడు తెచ్చి గేదె ముందు పెడతారు. రేషన్ బియ్యం, నూకలు, జొన్న పిండి ఒకేసారి ఎక్కువగా పెట్టినా, పశువు తాడు తెంపుకుని ధాన్యం బస్తా మీద పడినా జరిగేది ఒకటే.

పిండి పదార్థం ఒక్కసారిగా పొట్టలో పడితే స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తుంది. మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉండే పొట్ట పీహెచ్ 5కు, అంతకన్నా కిందికి పడిపోతుంది. ఆ పులుపులో పీచును అరిగించే బ్యాక్టీరియా బతకలేవు. పొట్ట కదలిక ఆగిపోతుంది. శరీరంలోని నీరు పొట్టలోకి లాగబడి కళ్లు లోతుకు పోతాయి. ఆమ్లం రక్తంలోకి చేరుతుంది.

తిన్న తరువాత 12 నుంచి 24 గంటల్లో లక్షణాలు కనిపిస్తాయి. మేత మానేస్తుంది, నెమరు ఆగుతుంది. ఎడమ డొక్క ఉబ్బి, చేత్తో నొక్కి కదిపితే నీళ్లు తొణికిన చప్పుడు వస్తుంది. పేడ పుల్లటి వాసనతో పలచగా పడుతుంది, అందులో గింజలు కనిపిస్తాయి. పశువు తూలుతుంది, చివరకు మెడ పక్కకు తిప్పుకుని పడుకుంటుంది. పడుకున్న తరువాత వైద్యం చేసినా బతికే అవకాశం తక్కువ. అందుకే లక్షణాల కోసం ఎదురు చూడవద్దు. పశువు ఎక్కువ ధాన్యం గానీ అన్నం గానీ తిన్నదని తెలిసిన వెంటనే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి, లేదా దగ్గరలోని పశువైద్యుణ్ణి సంప్రదించండి. వైద్యుడు వచ్చేలోగా మిగిలిన అన్నం, దాణా తీసేసి ఎండుగడ్డి మాత్రమే అందుబాటులో ఉంచాలి. నీళ్లు ఒకేసారి కడుపు నిండా తాగనివ్వరాదు. వంటసోడా తాగించాలంటే మోతాదు వైద్యుణ్ణి అడిగే ఇవ్వాలి. నాలుక పట్టి బలవంతంగా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

చాలా ఊళ్లలో ఇలాంటప్పుడు పుల్లటి మజ్జిగ పోస్తారు. దానిలోనూ ఉండేది లాక్టిక్ ఆమ్లమే. ఇప్పటికే ఆమ్లంతో నిండిన పొట్టలో దాన్నే ఇంకా పోయడం సరికాదు.

పొట్ట ద్రవం మార్పిడి

పొట్టలోని ఆమ్లాన్ని సరిచేసినా పశువు మేత ముట్టకపోవడం తరచుగా జరుగుతుంది. కారణం, లోపల పని చేసే బ్యాక్టీరియా చచ్చిపోయి ఉంటాయి. అప్పుడు పశువైద్యులు ఆరోగ్యంగా ఉన్న మరో పశువు పొట్ట నుంచి గొట్టంతో ద్రవాన్ని తీసి, గుడ్డలో వడగట్టి, వేడి తగ్గకముందే జబ్బు పశువు పొట్టలోకి ఎక్కిస్తారు. పెద్ద పశువుకు కనీసం 3 నుంచి 5 లీటర్లు అవసరం. ద్రవం ఇచ్చే పశువుకు అంటువ్యాధులేవీ లేవని చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పశువు నోట్లోంచి నెమరు ముద్ద తీసి జబ్బు పశువుకు తినిపించడం పలు దేశాల్లో కాపరులకు పాతకాలం నుంచి తెలుసు. శాస్త్రం తెలియకపోయినా వారు చేసింది ఇదే పని.

లాక్టిక్ ఆమ్లాన్నే ఆహారంగా తినే మెగాస్ఫేరా ఎల్స్‌డెనీ అనే బ్యాక్టీరియా కూడా రూమెన్‌లోనే ఉంటుంది. దాన్ని విడిగా పెంచి, పశువులను దాణాకు మార్చే సమయంలో తాగించే ఉత్పత్తి దక్షిణాఫ్రికా, అమెరికాల్లో వాడుకలో ఉంది.

బ్యాక్టీరియాకు తగిన మేపు

మన ఇళ్లలో ఏ మందు అవసరం లేకుండా చేయగలిగింది చాలా ఉంది. మేతను ఒక్కరోజులో మార్చకూడదు. వరిగడ్డి నుంచి పచ్చిమేతకు గానీ, పాత దాణా నుంచి కొత్త దాణాకు గానీ 10 నుంచి 15 రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. కొత్త మేతను అరిగించే రకం బ్యాక్టీరియా పెరగడానికి ఆ సమయం పడుతుంది. తొలకరి వానలకు లేత గడ్డి వచ్చినప్పుడు పశువును ఖాళీ కడుపుతో తోలకుండా, ముందు కొంత ఎండుగడ్డి వేసి తోలాలి.

రోజు దాణాను ఒకేసారి పెట్టకుండా రెండు మూడు పూటలుగా పంచాలి. గడ్డిని మరీ పొడిలా నరకరాదు. ఒక అంగుళం, అంగుళంన్నర ముక్కలు ఉంటే పశువు బాగా నెమరు వేస్తుంది. నెమరు వేసేకొద్దీ లాలాజలం ఊరుతుంది. పెద్ద ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది. దానిలో సహజంగా ఉండే సోడా పొట్టలోని ఆమ్లాన్ని విరిచేస్తుంది. అంతకన్నా చౌకైన మందు లేదు.

పొట్ట బాగుందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. తిని పడుకున్న పశువుల్లో సగానికి పైగా నెమరు వేస్తూ కనిపించాలి. ఒక్కో ముద్దను 50 నుంచి 70 సార్లు నమలాలి. ఎడమ డొక్క మీద పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు ఉంచితే పొట్ట రెండు మూడు సార్లు పొంగి తగ్గినట్టు చేతికి తెలుస్తుంది. తెలియకపోతే ఏదో తేడా ఉన్నట్టే.

యూరియాతో వరిగడ్డిని మాగబెట్టే పద్ధతి కూడా ఈ బ్యాక్టీరియాను ఆధారం చేసుకున్నదే. రూమెన్ బ్యాక్టీరియా అమ్మోనియా నుంచి మాంసకృత్తులు తయారు చేసుకోగలవు, పశువు చేసుకోలేదు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరబడకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. తీసిన గడ్డిని కొంతసేపు ఆరబెట్టి ఘాటు పోయాక వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్లు కలిపిన బకెట్టును పశువులకు అందేచోట వదిలినందుకు ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. బ్యాక్టీరియా వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువ అమ్మోనియా పుడితే అది నేరుగా విషమే.

సుబాబుల్ ఆకు కథ

ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కాగితపు మిల్లుల కోసం సుబాబుల్ పెంచే రైతులకు దాని ఆకు మంచి మేత అని తెలుసు. మాంసకృత్తులు ఎక్కువ. కానీ అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంది. పొట్టలో అది డీహెచ్‌పీ అనే మరో విషంగా మారి గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. ఎక్కువ కాలం ఎక్కువగా తిన్న పశువులకు వెంట్రుకలు రాలతాయి, చొంగ కారుతుంది, బరువు తగ్గుతాయి.

ఆస్ట్రేలియాలో ఈ సమస్య తీవ్రంగా ఉండేది. అదే ఆకును హవాయి దీవుల్లో మేకలు తిన్నా ఏమీ కావడం లేదని అక్కడి శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ గమనించాడు. తేడా మేకలో కాదు, దాని పొట్టలోని బ్యాక్టీరియాలో ఉందని ఊహించాడు. 1980ల మొదట్లో హవాయి మేకల పొట్ట ద్రవం నుంచి పెంచిన బ్యాక్టీరియాను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే విషలక్షణాలు తగ్గాయి. మందలో కొన్నిటికి ఇస్తే చాలు, కలిసి మేసే మిగతావాటికీ అది పాకింది. ఆ బ్యాక్టీరియాకు 1992లో ఆయన పేరు మీదే సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వ కేంద్రంలో ఈ ద్రవాన్ని పెంచి రైతులకు అందించారు.

మన దగ్గర అటువంటి ద్రవం మీద ఆధారపడకుండా పరిమితి పాటించడమే మేలు. పశువుకు వేసే మేతలో సుబాబుల్ మూడో వంతు మించకూడదు, మిగతాది జొన్న, నేపియర్ వంటి గడ్డితో కలిపి వేయాలి. చూడి పశువులకు ఇంకా తగ్గించాలి. రూమెన్ లేని కోళ్లు, పందులు, గుర్రాల మేతలో చాలా కొద్దిగా తప్ప వాడకూడదు.

దూడలకు, కోడిపిల్లలకు

పుట్టిన దూడకు పెద్ద పొట్ట ఉన్నా పని చేయదు. తాగిన పాలు దాన్ని దాటి నేరుగా నాలుగో గదికి పోతాయి. తల్లి నాకడం, తల్లి పొదుగు, పాక, గడ్డి ద్వారా బ్యాక్టీరియా మెల్లగా చేరతాయి. పుట్టిన గంట రెండు గంటల్లో ముర్రుపాలు తాగించడం అన్నిటికన్నా ముఖ్యం. అది రోగనిరోధక శక్తినిస్తుంది. రెండో వారం నుంచి కొంచెం దూడ దాణా, శుభ్రమైన నీళ్లు, లేత ఎండుగడ్డి అందుబాటులో ఉంచితే రెండు మూడు నెలల్లో పొట్ట పని మొదలుపెడుతుంది. పాలు మాత్రమే తాగించి పెంచిన దూడ బొద్దుగా కనిపించినా పాలు మాన్పించగానే చిక్కిపోయేది ఇందుకే.

కోళ్ల విషయం వేరు. యంత్రంలో పొదిగిన పిల్లకు తల్లికోడి ఉండదు, తల్లి రెట్ట నుంచి వచ్చే బ్యాక్టీరియా కూడా అందదు. ఖాళీగా ఉన్న ఆ పేగులో సాల్మొనెల్లా సులువుగా చేరుతుంది. 1971లో ఫిన్లాండ్‌లో బ్రాయిలర్లలో సాల్మొనెల్లా ప్రబలినప్పుడు ఎస్కో నుర్మి అనే శాస్త్రవేత్త పెద్ద కోళ్ల పేగులోని పదార్థాన్ని ఒక రోజు పిల్లలకు ఇచ్చి చూశాడు. మంచి బ్యాక్టీరియా ముందే చోటు ఆక్రమించడంతో సాల్మొనెల్లా నిలదొక్కుకోలేకపోయింది. 1973లో ప్రచురించిన ఈ ఫలితం తరువాత కోళ్ల ప్రోబయోటిక్స్‌కు పునాది అయింది. రైతులు మాత్రం రెట్ట కలిపి సొంతంగా చేయకూడదు. రోగాలు కూడా దాంతోనే వస్తాయి.

యాంటీబయాటిక్స్‌తో జాగ్రత్త

చెడ్డ బ్యాక్టీరియాను చంపే మందు మంచి వాటిని కూడా చంపుతుంది. నెమరు వేసే పెద్ద పశువులకు నోటి ద్వారా యాంటీబయాటిక్ బిళ్లలు వేస్తే పెద్ద పొట్ట పనే ఆగిపోవచ్చు. మెడికల్ షాపులో అడిగి కొని వేయడం మానుకోవాలి. దూడకు పారుడు వచ్చినప్పుడు ముందు కావలసింది ఓఆర్ఎస్. చాలా దూడలు రోగంతో కన్నా ఒంట్లో నీరు పోయి చనిపోతాయి.

కోళ్లు త్వరగా పెరగడానికి మేతలో కలిపిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారానికి పెంచే జంతువుల్లో వాడకుండా 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. మనుషులకు చివరి అస్త్రంగా వాడే మందు అది. ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడకాన్ని ఐరోపా దేశాలు 2006 నుంచే ఆపేశాయి. ప్రోబయోటిక్స్‌కు గిరాకీ పెరగడానికి ఇదొక కారణం.

మనుషుల వైద్యంలో

పశువైద్యులు ఎప్పటి నుంచో చేస్తున్న పొట్ట ద్రవం మార్పిడి లాంటిదే మనుషుల వైద్యంలోకి ఆలస్యంగా వచ్చింది. యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడినవారికి క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల మళ్లీ మళ్లీ తీవ్రమైన విరేచనాలు పట్టుకుంటాయి. అటువంటి 16 మందికి ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన ద్రవాన్ని ఇస్తే, మొదటిసారికే 13 మందికి నయమైనట్టు నెదర్లాండ్స్ వైద్యులు 2013లో ప్రకటించారు. 2022, 2023ల్లో ఇలాంటి రెండు మందులకు అమెరికా అనుమతి ఇచ్చింది. అంతకన్నా చాలా ముందు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, తోటివారందరికీ విరేచనాలు పట్టుకున్నా తనకు రాని ఒక సైనికుడి పేగు నుంచి జర్మన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ నిస్లే 1917లో ఒక రకం ఈ.కోలై బ్యాక్టీరియాను వేరు చేశాడు. అది నేటికీ మందుగా వాడుకలో ఉంది.

మన పొరుగు రాష్ట్రం ఒడిశాలో జరిగిన ప్రయోగం గ్రామీణ కుటుంబాలకు మరింత దగ్గరిది. అక్కడి పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులతో పినాకి పాణిగ్రాహి బృందం ఈ అధ్యయనం చేసింది. కొందరికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాను, దానికి ఆహారమైన ఒక రకం చక్కెరతో కలిపి, వారం రోజులు నోటి ద్వారా ఇచ్చారు. రక్తానికి ఇన్‌ఫెక్షన్ సోకడం, మరణాలు కలిపి చూస్తే వీరిలో 40 శాతం తగ్గాయి. 2017లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఇది ఎంపిక చేసిన ఒక రకం బ్యాక్టీరియాతో, వైద్యుల పర్యవేక్షణలో వచ్చిన ఫలితం. ఏ పొడి పడితే ఆ పొడి పసిబిడ్డలకు పెట్టమని దీని అర్థం కాదు. పశువుల ప్యాకెట్టునైతే అసలే వాడకూడదు.

పరిశ్రమలో, గోబర్ గ్యాస్‌లో

పేగు బ్యాక్టీరియా ఈ.కోలై చాలా త్వరగా పెరుగుతుంది. 1978లో మనిషి ఇన్సులిన్ జన్యువును అందులో పెట్టి ఇన్సులిన్ తయారు చేశారు, 1982లో అది మందుగా అమ్మకానికి వచ్చింది. అంతవరకు పందుల, ఆవుల క్లోమగ్రంథుల నుంచి తీసేవారు. చీజ్ తయారీలో పాలను విరగ్గొట్టే కైమోసిన్ కథ పాడి రైతుకు ఆసక్తిగా ఉంటుంది. పాలు తాగే దూడలను కోసి వాటి నాలుగో గది నుంచి ఈ ఎంజైమును తీసేవారు. దూడ జన్యువును ఈ.కోలైలో పెట్టి తయారు చేసిన కైమోసిన్‌కు 1990లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఆ మేరకు దూడల అవసరం తప్పింది.

ఇంటి పెరట్లోని గోబర్ గ్యాస్ ప్లాంటు కూడా పశువు కడుపుకు కొనసాగింపే. పేడతో పాటు వచ్చిన బ్యాక్టీరియా, మీథేన్ చేసే సూక్ష్మజీవులు గాలి లేని ఆ గుంతలో పని కొనసాగిస్తాయి. పేడ, నీళ్లు సమానంగా కలిపి పోయాలి. కొత్త ప్లాంటుకు నడుస్తున్న ప్లాంటు నుంచి కొన్ని బకెట్ల స్లర్రీ తెచ్చి పోస్తే గ్యాస్ త్వరగా మొదలవుతుంది. సబ్బు నీళ్లు, ఫినాయిల్ పడితే ఈ జీవులు చచ్చి గ్యాస్ తగ్గుతుంది.

జీవామృతంలోనూ రూమెన్ బ్యాక్టీరియాయే పనిచేస్తాయని కొందరు చెబుతుంటారు. గాలి తగిలితే చనిపోయే రకాలు రోజూ కలిపే డ్రమ్ములో బతకవు. అందులో పెరిగేవి గాలిని తట్టుకునే వేరే రకాలు.

ప్రోబయోటిక్ కొనేముందు

పశువుల ప్రోబయోటిక్ పొడులు, ద్రవాలు బజారులో చాలా ఉన్నాయి. కొన్నిటిలో ఉండేది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. అది కూడా దాణా ఎక్కువ తినే పాల పశువుల్లో పొట్ట ఆమ్లాన్ని నిలకడగా ఉంచడానికి కొంత ఉపయోగపడుతుంది. అయితే రోజుకు రెండు మూడు లీటర్లిచ్చే, వరిగడ్డి మీదే బతికే పశువుకు ఈ ఖర్చు గిట్టుబాటు కావడం కష్టం. ఆ డబ్బుతో ఖనిజ లవణ మిశ్రమం, రెండు గుంటల్లో పచ్చిమేత వేసుకోవడం మంచిదని మా సలహా. ఈనిన కొత్తలో ఉన్న ఎక్కువ పాల పశువులకు, మేత మారుస్తున్నప్పుడు, యాంటీబయాటిక్ కోర్సు పూర్తయిన తరువాత, పాలు మాన్పిస్తున్న దూడలకు వాడితే ప్రయోజనం కనిపించే అవకాశం ఎక్కువ.

ప్యాకెట్టు మీద బ్యాక్టీరియా పేరు, గ్రాముకు ఎన్ని బతికున్న జీవులు ఉన్నాయన్న అంకె, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడాలి. ఈ మూడూ లేని దాన్ని కొనవద్దు. ఎండలో ఉంచిన దుకాణంలోని సరుకులో బ్యాక్టీరియా చచ్చి ఉండవచ్చు. ఇంట్లో చల్లని, పొడి చోట పెట్టి, తెరిచిన ప్యాకెట్టు మూతి గట్టిగా కట్టాలి. వేడి గంజిలో, వేడి నీళ్లలో కలపకూడదు. చల్లారిన దాణాలో కలిపి వెంటనే పెట్టాలి.